రెండు ఎఱుపులు: బొమ్మ సైనికులకు రంగులు వేయుట

బల్లపై బొమ్మ సైనికులను నిలిపి పూర్వకాలపు యుద్ధములను ఆడుకొనుటను చాలమంది పిల్లల వినోదముగానే తలచుచున్నారు. అయితే 1824లో ప్రష్యా సైన్యము తన అధికారుల శిక్షణకై పటముపై ఆడు యుద్ధక్రీడను స్వీకరించినది. 1913లో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అను పుస్తకమున బొమ్మలతో ఆడు నియమములను ప్రకటించినాడు. ఈ ఆటలో దిగినవారు పెక్కుమంది ఆటకంటె రంగులు వేయుటలోనే ఎక్కువ కాలము గడుపుదురు. ఆ పనినిగూర్చియే ఇచట ముచ్చటింపదలచితిమి.

మేము ఎన్నుకొన్నది 1815 జూన్ 18న వాటర్లూలో నిలిచిన బ్రిటిషు పదాతి దళము. పటాలమునకు 600 మంది యనుకొని, 20 మందికి ఒక బొమ్మ చొప్పున లెక్కించినచో 30 బొమ్మలు చాలును. ఒక్కొక్కటి 28 మిల్లీమీటర్ల ఎత్తు. పోతలో మిగిలిన గీతలను సన్నని ఆకురాయితో గీకి, సబ్బునీటితో కడిగి, ఆరిన పిదప ప్రైమరు పూయవలెను. ఆ తొలిపూత లేనిచో పైరంగు వ్రేలిగోటికే ఊడివచ్చును. తరువాత ఒకే రంగును బొమ్మలన్నిటికి వరుసగా వేసికొనిపోవుట మేలు: మొదట కోటులు, ఆపై బూడిదరంగు పంట్లాములు, ఆపై తెల్లని తోలుపట్టీలు. ఒక్కొక్క బొమ్మను ముగించి మరియొకదానిని చేపట్టువానికి పదవ బొమ్మవద్దనే ఓపిక నశించును.

ఇంతవరకు చేతిపనియే. చిక్కు ఎఱుపుతో వచ్చినది. మేము తొలిసారి 30 కోటులకును ఒకే సీసాలోని మిలమిలలాడు ఎఱుపును పూసితిమి. చూచుటకు పెండ్లి బ్యాండుమేళమువలె నుండెనే కాని సైన్యమువలె లేదు. కారణము పుస్తకములు తిరుగవేసినపుడు తెలిసినది. సామాన్య సైనికుని ఉన్నికోటుకు మంజిష్ఠజాతి వేరుతో రంగు వేసెడివారు. అది ఇటుకను పోలిన మసక ఎఱుపు. ఎండకు వానకు ఇంకను వెలిసిపోవును. అధికారి కోటు కాచినీల్ అను కీటకమునుండి తీసిన ఖరీదైన రంగుతో ధగధగలాడెడిది. ఒకే దళమున రెండు ఎఱుపులు! ఎవడు దొరయో ఎవడు కూలివాడో దూరమునుండియే తెలియుచుండెనన్నమాట. మన బందరు అద్దకమునకు వాడిన చిరివేరు కూడ ఈ మంజిష్ఠ కుటుంబములోనిదే యగుట మాకు ఆనందము కలిగించినది.

కావున సైనికుల కోటులకు ఎఱుపులో కొంచెము గోధుమరంగు కలిపితిమి. అధికారికి శుద్ధమైన ఎఱుపునే ఉంచితిమి. కాలరు, ముంజేతి పట్టీల రంగు రెజిమెంటునుబట్టి మారును. రాజ రెజిమెంట్లకు నీలము, 52వ దానికి లేత తోలురంగు, 33వ దానికి ఎఱుపే. టోపీకుచ్చు గ్రెనేడియర్లకు తెలుపు, లైటు కంపెనీకి పచ్చ, తక్కినవారికి పైన తెలుపు క్రింద ఎఱుపు. చివర పలుచని ముదురు గోధుమ నీళ్ళు పూసినచో అవి ముడుతలలో నిలిచి నీడలనిచ్చును. పంట్లాముల అంచులకు బురద మరువరాదు. యుద్ధమునకు ముందురాత్రి పెద్ద వాన కురిసినది.

ఇంత పట్టుదల ఏల యని కొందరు అడుగుదురు. వాటర్లూ రణరంగపు నమూనాను నిర్మించిన విలియం సైబోర్న్ ఆ యుద్ధమున పాల్గొన్న అధికారులకు ఉత్తరములు వ్రాసి, వారి దళము ఎచట నిలిచినది, ఆ పొలమున ఏ పైరు ఉండెను అనికూడ విచారించినాడు. 1838లో లండనున ప్రదర్శింపబడిన ఆ నమూనాలో 70,000కు పైబడిన బొమ్మలు కలవు. వానిముందు మా 30 ఎంత!

ఎఱ్ఱకోటు వాటర్లూకే చెందినది కాదు. ఈస్టిండియా కంపెనీ సిపాయిలును దానిని ధరించిరి. ఉత్తర హిందూస్థానమున సిపాయిని ‘తిలంగా’ అనెడివారు. ఐరోపా కవాతు నేర్చి మొదట బంగాళమునకు పోయినవారు మదరాసు వైపునుండి వెళ్ళుటయే ఆ పేరునకు మూలము. మన కళాశాలలో ఉర్దూ చదువు మిత్రులకు ఆ మాటయు, తెలుగు చదువువారికి ఆ మనుష్యులును తమవారే. మేమిపుడు అట్టి సిపాయిదళమునకు పూనుకొంటిమి. శరీరవర్ణమని అమ్ము సీసాలోని గులాబిరంగు వీరికి పనికిరాదు. గోధుమరంగు, పసుపు, చిటికెడు ఎఱుపు కలిపి నాలుగు చాయలు సిద్ధము చేసికొంటిమి. ఊరిలో అందరి ముఖములు ఒకే చాయలో నుండవు గదా. నిన్నటికి పదునొకండు ముఖములు పూర్తియైనవి.