అందరూ వాడుకునే సాఫ్ట్‌వేర్‌కు మన వంతు

సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవడానికి, మార్చడానికి, ఇతరులకు పంచడానికి అనుమతి ఉన్న సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటాం. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున పనిచేసే లినక్స్, ఉత్తరాలూ లెక్కలూ రాసుకునే లిబ్రేఆఫీస్, ఇంటర్నెట్ చూసే ఫైర్‌ఫాక్స్ ఈ కోవకు చెందినవే. పైసా కట్టకుండా వాడుకుంటున్నాం కాబట్టి వీటి వెనుక ఖర్చు, శ్రమ లేవని అనుకుంటాం. అది నిజం కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. వెబ్‌సైట్లలో మనం కొట్టే పాస్‌వర్డ్ దారిలో ఎవరి చేతా పడకుండా కాపాడే ప్రోగ్రాముల్లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఒకటి. 2014 ఏప్రిల్‌లో అందులో ‘హార్ట్‌బ్లీడ్’ అనే లోపం బయటపడింది. దాని ద్వారా బయటివారు సర్వర్ మెమరీలోని రహస్యాలను చదవగలిగేవారు. ఒక స్వచ్ఛంద కార్యకర్త పంపిన మార్పులో దొర్లిన పొరపాటు అది. పరిశీలించినవారూ గమనించలేదు. 2012లో విడుదలైన వెర్షన్‌లో చేరి, రెండేళ్లు అలాగే ఉండిపోయింది. అప్పటికి ఆ ప్రాజెక్టులో పూర్తికాలం పనిచేసేది ఒక్కరే. ఏడాదికి అందే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. ఊరంతా నీళ్లు తోడుకునే బావికి పూడిక తీసేవారు లేకపోవడం అంటే ఇదే. ఆ తర్వాతే పెద్ద కంపెనీలు కళ్లు తెరిచి, ఇలాంటి ప్రాజెక్టులకు నిధులు సమకూర్చాయి.

మన పిల్లలు ఈ పనిలో చేరాలంటే ఏం చేయాలి?

1. రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోవాలి. అందులోని ‘రీడ్‌మీ’, ‘కంట్రిబ్యూటింగ్’ ఫైళ్లను, లైసెన్సును ముందుగా చదవాలి.

2. లోపం కనిపిస్తే, ఎవరైనా ఇప్పటికే తెలిపారేమో వెతకాలి. లేకపోతే తామే తెలపాలి. “పనిచేయడం లేదు” అంటే చాలదు. ఏ వెర్షన్, ఏం నొక్కాం, ఏం రావాలి, ఏం వచ్చింది అన్నవన్నీ రాయాలి. భద్రతకు సంబంధించిన లోపమైతే బహిరంగంగా కాక, నిర్వాహకులకు విడిగా చెప్పాలి.

3. కోడ్ సరిచేయాలంటే సొంత ప్రతి తీసుకుని, ఒకసారికి ఒకే చిన్న మార్పు చేసి, పరీక్షించి, ‘పుల్ రిక్వెస్ట్’ పంపాలి. పెద్ద మార్పు తలపెడితే ముందే అడగాలి.

4. నిర్వాహకులు తప్పులు చూపితే చిన్నబుచ్చుకోకూడదు. జీతం లేకుండా దొరికే గురువులు వారు. దిద్దిన ప్రతి వరుసా ఒక పాఠమే. పైగా ఆ పని అందరికీ కనిపించేలా ఉంటుంది కాబట్టి, ఉద్యోగానికి వెళ్లినప్పుడు చూపించుకోవచ్చు.

కోడ్ రాయడం రానివారికీ ఇక్కడ పని ఉంది. ఫైర్‌ఫాక్స్ తెలుగులోనూ ఉర్దూలోనూ దొరుకుతోందంటే అది స్వచ్ఛంద అనువాదకుల చలవే. వాడే విధానాన్ని సులువైన మాటల్లో రాయడం, కొత్త వెర్షన్‌ను వాడి చూసి లోపాలు చెప్పడం కూడా అంతే విలువైన సాయం.

ఇక దాతలు. మీ దుకాణంలో, ఆఫీసులో, బడిలో వాడుతున్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదో ఒకసారి అడిగి తెలుసుకోండి. చాలా ప్రాజెక్టులు నేరుగా విరాళాలు తీసుకుంటాయి. ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం కంటే నెలనెలా అందే చిన్న మొత్తం వారికి ఎక్కువ ధైర్యాన్నిస్తుంది, ఎందుకంటే దాన్ని నమ్ముకుని ఒక మనిషిని పనిలో పెట్టుకోవచ్చు. అలాగే చదువుకునే పేద విద్యార్థికి ఒక పాత ల్యాప్‌టాప్, ఏడాది ఇంటర్నెట్ ఖర్చు ఇచ్చి చూడండి. పైన చెప్పిన నాలుగు మెట్లూ ఎక్కడానికి అతనికి కావలసింది అంతే.