ఒత్తు గీతకు చోటుంచు

తమ్మీ,

చిరాగ్‌పల్లి దగ్గర హైవే పొడుగునా బోర్డులు రాసే పని దొరికిందని అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. నువ్వు పంపిన ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాను. చెయ్యి బాగా తిరుగుతోంది, తలకట్లన్నీ ఒక్క వరసలో ఉన్నాయి. ఒత్తు గీతల దగ్గరే మనసు చివుక్కుమంది.

ఢాబా బోర్డు మీద డ కింద గీత మరిచావు. అది డాబా అయింది, అంటే మేడ. డ్రైవర్లకు ఎలాగూ తెలుస్తుందిలే అనకు. ఆ దారిన బడికి పోయే పిల్లలు బోర్డులు చూసి కూడా అక్షరాలు నేర్చుకుంటారు.

ద కింద ఆ గీత దిగితే ధ. ధ పొట్టలో చుక్క పెడితే థ. ప కింద పడితే ఫ, పొట్టలోకి పోతే ష. ‘అర్ధం’ అంటే సగం. చుక్క పడితేనే ‘అర్థం’. రాసేముందు దారం కొట్టేటప్పుడు అక్షరం పాదానికి ఒక లైను, దాని కింద గీతలకూ ఒత్తులకూ ఇంకొక లైను వేసుకో. లేకపోతే ‘శుద్ధి’ లాంటి మాట దగ్గర ఇరుక్కుపోతావు. ద కింద ధ ఒత్తు రావాలి, ఆ ఒత్తుకూ మళ్ళీ గీత ఉండాలి.

కర్ణాటక సరిహద్దు పక్కనే కాబట్టి నీకు కన్నడ బోర్డులు కూడా వస్తాయి. భయపడకు, రెండు లిపులదీ ఒకే మూలం. అక్కడ కూడా ద, ధలకు తేడా ఈ గీతే. ఉర్దూ రాసేవాళ్ళ దగ్గర కాసేపు నిలబడి చూడు. కాఫ్ మీద ఇంకో గీత పెడితే గాఫ్. ‘చిరాగ్’ అన్న మాట చివర ఉండేది గైన్. దాని మీది చుక్క తీసేస్తే ఐన్ అయిపోతుంది.

అంకెల్లోనూ ఇంతే. పాత తెలుగు లెక్కల్లో ఒక నిలువు గీత పావు, రెండు అర, మూడు ముప్పావు. అదే ఒక్క గీత అడ్డంగా ఉంటే వీసం, పావులో పావు. గీసిన దిక్కును బట్టే నాలుగు రెట్ల తేడా! ఈ భిన్నాల గుర్తులు 2008లో యూనికోడ్‌లోకి కూడా వచ్చాయి. మన గీతలను అంత జాగ్రత్తగా దాచిపెట్టినవాళ్ళంటే నాకెంతో గౌరవం.

ఆ ఢాబా బోర్డు ఈ వారమే సరిచెయ్యి. ఎనామిల్ ఆరిన అక్షరం కింద గీత ఒక్కటే అతికిస్తే షేడు తేడా కొడుతుంది. అక్షరం మొత్తం చెరిపి కొత్తగా రాయి. దానికి డబ్బులడగకు.

మీ అన్న