కోట మీద కట్టుకున్న ఊళ్ళు

నా దగ్గర చరిత్ర చదువుకున్న పిల్లలు ఇప్పుడు చిక్కబళ్ళాపురంలో, చింతామణిలో, బాగేపల్లిలో మేస్త్రీలు, కంట్రాక్టర్లు, వార్డు సభ్యులు. పరీక్షకని చెప్పిన పాఠాలు మరిచిపోయినా ఫరవాలేదు. పునాదికి ముగ్గు పోసేటప్పుడు ఈ మాటలు గుర్తుంటే నాకు అంతే చాలు.

1. తవ్వే ముందు వీధంతా నడిచి చూడండి. చిక్కబళ్ళాపురం కోటను 1479 ప్రాంతంలో ఆవతి వంశపు మల్ల భైరేగౌడ కట్టించాడు. పాళెగాడికి కోట, వర్తకులకు పేట. మన వైపు పాత ఊళ్ళు కొన్ని ఇలా వెలిసినవే. ఇలాంటి కోటల్లో గోడకు అడుగున రాతికట్టు, పైన మట్టి ఉండేవి. వానలకు మట్టి జారిపోతుంది. రాళ్ళు ఇళ్ళకూ బావులకూ పోతాయి. కందకం పూడిపోయి కాలువో రోడ్డో అవుతుంది. గోడ పోయినా అది నడిచిన దారి మాత్రం పోదు. తిన్నగా వస్తున్న వీధి ఉన్నట్టుండి వంపు తిరిగినా, ఒక వరుస ఇళ్ళు ఎదుటి వరుస కన్నా మిట్ట మీద ఉన్నా, కింద గోడ ఉందేమోనని అనుమానించండి. పాత సర్వే పటం తెచ్చి పక్కన పెట్టి చూడండి.

2. ఒకే గోడలో చాలామంది చేతులు ఉంటాయి. 1762లో హైదర్ అలీ చిక్కబళ్ళాపురాన్ని ముట్టడించి పట్టుకున్నాడు. ఆ పక్కనున్న నందిదుర్గం కోటను హైదర్, టిప్పు ఇద్దరూ బలపరిచారు. దాన్ని ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ సైన్యం మూడు వారాల పాటు చుట్టుముట్టి, ఫిరంగులతో గోడకు గండ్లు కొట్టి, 1791 అక్టోబరు 19న వశం చేసుకుంది. ఇన్ని యుద్ధాలు చూసిన గోడకు అతుకులు ఉండక తప్పదు. ఉత్త రాయి పేర్చిన చోట ఒక కాలం, సున్నంతో ఇటుక కట్టిన చోట మరో కాలం కనబడవచ్చు. పాతది ఏదో, తర్వాత చేర్చింది ఏదో ఆ అతుకు దగ్గరే తేలుతుంది. అక్కడ గునపం దింపకండి.

3. దొరికిన రాయిని పైకి తీయకండి. నేను మరీ మరీ చెప్పేది ఇదే. చెక్కిన రాయి బాగుందని కడిగి, గుడి ముందరో ఇంటి గేటు పక్కనో నిలబెడతారు. భక్తితో చేసే పనే, కాదనను. కానీ అది ఎంత లోతున ఉంది, ఏ దిక్కుకు తిరిగి ఉంది, దాని కింద మట్టి ఎర్రదా నల్లదా, పక్కన బూడిద ఉందా, పెంకులు ఉన్నాయా అన్నవి రాయి పైకి వచ్చిన నిమిషమే చెరిగిపోతాయి. రాయి అక్కడికి ఎప్పుడు చేరిందో ఎక్కువగా చెప్పేవి దాని చుట్టూ ఉన్న ఆ మట్టి, ఆ పెంకులే. జేసీబీ ఆపించి ఒక్క పూట ఆగితే ఇంటి పనికి పెద్ద నష్టం రాదు.

4. ఊరు పెరగాలా, గోడ మిగలాలా అని తగువు పెట్టుకోవద్దు. లండన్ చుట్టూ రోమన్లు క్రీ.శ. 200 ప్రాంతంలో గోడ కట్టారు. దానికన్నా ముందే, 120 ప్రాంతంలో కట్టిన సైనిక కోట ఒకటి అక్కడే ఉందన్న సంగతి చాలాకాలం ఎవరికీ తెలియదు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడి ఇళ్ళు కూలాక, ఆ ఖాళీ జాగాల్లో గ్రైమ్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వి దాన్ని బయటపెట్టాడు. ఇవాళ ఆ నగరంలో రోమన్ గోడ ముక్క ఒకటి కార్లు నిలిపే నేలమాళిగలో భద్రంగా ఉంది. రోమన్ల జాడ మనకూ మరీ దూరం కాదు. బెంగుళూరు యశవంతపురంలో 1891లో రైలు పనులకు తవ్వుతుంటే రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. వాటిని బయటికి తెచ్చింది పండితులు కాదు, మట్టి పని చేసే కూలీలు.

5. నిధి మాట ఎత్తేవాణ్ణి దగ్గరికి రానివ్వకండి. అమావాస్య రాత్రుల్లో బురుజులు తవ్వి, వీరగల్లులు పగలగొట్టి పోయేవాళ్ళు వాన కన్నా ఎక్కువ చెరుపు చేశారు. పగిలిన వీరగల్లు చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

6. గోడతో పాటు నీటినీ చూడండి. గుడిబండ కోటలో బండ మీద పడిన వాన ఒక దొన నుంచి మరో దొనకు పోయేలా ఏర్పాటు ఉంది. ముట్టడి పడితే లోపలివాళ్ళను బతికించేది ఆ నీళ్ళే. బాగేపల్లి దగ్గర గుమ్మనాయకనపాళ్యం కోట ఎక్కినవాళ్ళు బురుజుల దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు. నీళ్ళు నిలిచే చోట్లు కూడా వెతికి చూడండి.

7. రైస్ దొర 1905లో అచ్చువేసిన కోలారు జిల్లా శాసనాల సంపుటం చదవండి. మన మూడు తాలూకాలూ అప్పుడు ఆ జిల్లాలోవే. ఏ ఊరు, ఏ చేను, ఏ గుడి ముందు ఏ రాయి ఉందో అందులో ఉంది. కన్నడం, తెలుగు, తమిళం మూడు భాషల శాసనాలూ ఉన్నాయి. మీ ఊరి పుట చూసుకుని ఆ రాయి ఇంకా అక్కడే ఉందో లేదో వెళ్ళి చూసి రండి.

8. ఏదైనా బయటపడితే ముందు ఫొటో తీయండి, పక్కన ఒక స్కేలు పెట్టి. ఊరు, వీధి, సర్వే నంబరు, లోతు, తేదీ కాగితం మీద రాయండి. తహశీల్దారుకు ఒక ప్రతి ఇచ్చి, పురావస్తు శాఖకు ఒకటి పంపండి. ఇంకొకటి ఊరి బడిలో ఉంచండి.