క్రాస్, సిలువ, మ్రాను: ఒక పద పరిశీలన



ఆదివార బడిలో సిలువను గూర్చి పాఠము చెప్పుచుండగా ఎనిమిదేండ్ల పిల్లవాడొకడు లేచి, "తాతయ్యా, మా ఇల్లు నైన్త్ క్రాస్‌లో ఉంది. అక్కడ సిలువ ఏదీ లేదే?" అని అడిగాడు. పెద్దలందరూ నవ్వారు. నాకు మాత్రం వెంటనే జవాబు తోచలేదు.

బెంగళూరులో ఈ చిన్న మాట లేకుండ ఇంటి అడ్రసు చెప్పలేము. 1898 ప్లేగు తరువాత జనము వెళ్లి స్థిరపడిన మల్లేశ్వరం, బసవనగుడి మొదలుకొని నేటి లేఅవుట్ల వరకు మెయిన్ రోడ్డు ఒకటి, దానిని అడ్డముగా కోసే వీధి క్రాస్. మన రాయలసీమలో బస్సు దిగి ఊరికి మళ్లే చోటును కూడ క్రాస్ అనే అంటాము. బ్యాంకులో చెక్కుమీద రెండు గీతలు గీస్తే అదీ క్రాస్ చేయడమే. అట్టి చెక్కుకు కౌంటరులో నగదు ఇవ్వరు, ఖాతాలోనే వేస్తారు. కోలారు వైపు పాల రైతును అడిగితే హెచ్.ఎఫ్. క్రాస్ ఆవును చూపిస్తాడు. టీచరు క్రాస్‌గా ఉన్నదంటే కోపముగా ఉన్నదని అర్థము. అడ్డము అనే భావము ఎదురు అయి, ఎదురు కాస్తా చిరాకు అయినది.

ఈ మాట ఇంగ్లీషువారి సొంతము కాదు. లాటిన్‌లో క్రుక్స్, ఐర్లండులో క్రోస్, స్కాండినేవియా వారి నోట క్రోస్స్ అయి, సుమారు పదవ శతాబ్దములో ఇంగ్లండు చేరినది. మనవలె వలస వచ్చిన మాటే! అంతకు ముందు అక్కడివారు సిలువను రూడ్ అనేవారు. రూడ్ అంటే కొయ్య. భూమి కొలతలో కూడ రూడ్ ఉన్నది. అది పావు ఎకరము, ఇక్కడి లెక్కలో పది గుంటలు.

మరి మన సిలువ? ఇంగ్లీషు క్రాస్‌ను అనువదించగా వచ్చినదని మన పిల్లలు అనుకుంటారు. కాదు. తమిళులు సిలువై అంటారు, కన్నడిగులు శిలుబె అంటారు, కేరళ సిరియను క్రైస్తవులు స్లీవా అంటారు. ఇవన్నీ సిరియాక్ భాషలోని స్లీబా నుండి వచ్చినవి. సిరియాక్ అరామిక్ భాషలో ఒక శాఖ. ప్రభువు మాట్లాడినది అరామిక్. ఆ లెక్కన క్రాస్ కంటె సిలువయే యెరూషలేము వీధులకు దగ్గరి మాట. హిందీలోని క్రూస్ మాత్రం పోర్చుగీసువారి ద్వారా వచ్చినది.

ఇక ముఖ్య విషయము. క్రొత్త నిబంధన మూలభాషయైన గ్రీకులో రెండు పదములున్నవి. ఒకటి స్తౌరోస్, మొదట దాని అర్థము నిలువుగా పాతిన కొయ్య. రెండవది క్సూలొన్, అనగా చెట్టు లేక మ్రాను. పేతురు అపొస్తలుల కార్యములు 5:30లోను, తన మొదటి పత్రిక 2:24లోను ఈ రెండవ మాటనే వాడెను. ఎందుకు? ద్వితీయోపదేశకాండము 21:23లో మ్రానుమీద వ్రేలాడదీయబడినవాడు శాపగ్రస్తుడని యున్నది. ఆ శాపమును ప్రభువు మనకొరకు భరించెనని పౌలు గలతీయులకు 3:13లో వివరించెను. మన తెలుగు బైబిలులో ఈ నాలుగు చోట్ల మ్రాను అనియే యున్నందున వాటి బంధము చదువరికి తెలిసిపోవును. మన పిల్లల చేతిలోని ఎన్.ఐ.వి. 2011 కూర్పులో పేతురు వచనములు రెండింటిలో క్రాస్ అనియు, పౌలు వచనములోను ద్వితీయోపదేశకాండములోను పోల్ అనియు ఉన్నవి. పిల్లవాడు ఈ రెండింటిని ఎట్లు కలుపుకొనును? అనువాదకులను తప్పు పట్టుట లేదు. మ్రానును విడిచిపెట్టుట మాత్రం నాకు నచ్చలేదు.

తరువాతి ఆదివారము రెండు బైబిళ్లు ప్రక్కప్రక్కన తెరిచి ఆ పిల్లవానిచేతనే ఈ నాలుగు వచనములు చదివించాను. ఇంగ్లీషు గడగడ చదివాడు. తెలుగు కూడబలుక్కుంటూ చదివి, మ్రాను దగ్గర ఆగి, "అంటే ఏమి?" అన్నాడు. కిటికీలోనుండి బయటి వేపచెట్టును చూపించాను.