పేరు కాటుకే, లోపల ఏముంది?

పోయిన నెల మా అక్క కాన్పుకు ఇంటికొచ్చింది. పదకొండో రోజున బిడ్డకు కాటుక పెట్టాల్సిందేనని అవ్వ పట్టుబట్టింది. అమ్మ అంగడి నుంచి చిన్న డబ్బీ తెచ్చింది. దాని మీద పేరు తప్ప ఇంకేమీ లేదు. చేసినవాళ్ళ చిరునామా లేదు, తేదీ లేదు. నేను వద్దన్నాను. "మా కాలంలో అందరికీ పెట్టినాము, ఎవరికేమయింది?" అని అవ్వ అడిగింది. అప్పుడు నాకు జవాబు రాలేదు. తర్వాత చదివి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మా ఇంట్లో అవ్వ కాటుక అంటుంది. తమిళం మాట్లాడే అమ్మ మై అంటుంది. అంగట్లో దాని పక్కనే సుర్మా కూడా ఉంటుంది. అన్నీ ఒకటే అనుకుంటాం. కానీ కాదు. అవ్వ కాలంలో ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి మసి పట్టేవాళ్ళు. మసి అంటే కార్బన్. సుర్మా అలా కాదు, గెలీనా అనే నల్లరాయిని మెత్తగా నూరి చేయడం పాత పద్ధతి. గెలీనా అంటే సీసమూ గంధకమూ కలిసిన ఖనిజం. గనుల్లో సీసం తీసేది దాన్నుంచే. రెండూ నల్లగానే ఉంటాయి, చూస్తే తేడా తెలియదు.

కుంకుమ సంగతీ ఇంతే. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుంది, పారాణి కలిపేటప్పుడు మనం చూసేదే. పాత పద్ధతి కుంకుమ ఆ గుణం మీదే తయారవుతుంది. సిందూరం అనే మాటకు మాత్రం నిఘంటువులో ఎర్రసీసం అనే అర్థం ఉంది. ఇంగిలీకం అంటే పాదరసమూ గంధకమూ కలిసింది. మన భాష వీటికి వేరువేరు పేర్లు పెట్టి జాగ్రత్తగా విడదీసింది. మనమే ఎర్రగా ఉన్నదానినంతా కుంకుమ అనేస్తున్నాం.

ఇప్పుడు అవ్వ ప్రశ్నకు వస్తాను. సీసం వల్ల జరిగే హాని దద్దురులాగా పైకి కనిపించదు. అది కొంచెం కొంచెంగా చేరి ఎముకల్లో, పళ్ళలో నిలవ ఉంటుంది. పిల్లల్లో మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, రక్తహీనత తెస్తుంది. చదువులో వెనకబడిన పిల్లను చూసి "మొద్దు" అంటాం కానీ, కాటుక డబ్బీని ఎవరు అనుమానిస్తారు? పెద్దవాళ్ళ కంటే చిన్నపిల్లల ఒంటికి, మింగిన సీసం నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. బిడ్డ కన్ను నలుపుకుని అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది కదా. గర్భంతో ఉన్నప్పుడు తల్లి ఎముకల్లోని సీసం మళ్ళీ రక్తంలోకి వచ్చి బిడ్డకు చేరుతుంది. ఇంతవరకైతే హాని లేదు అని చెప్పగల హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది.

సీసం సంగతి బిడ్డలది అయితే, పాదరసం సంగతి మనది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవకుండా పాదరసం అడ్డుకుంటుంది. అందుకే దాన్ని తెల్లబరిచే క్రీముల్లో కలుపుతారు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2014లో 32 ఫెయిర్‌నెస్ క్రీములను పరీక్షిస్తే 14లో పాదరసం కనిపించింది. పక్క రాష్ట్రం కేరళలో, మలప్పురం జిల్లాలో, 2021 నుంచి 2023 మధ్య ఒకే రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని డాక్టర్లు గమనించారు. వాళ్ళలో 15 మందికి ఆ జబ్బులోనే అరుదైన రకం ఉంది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవాళ్ళు. ముఖానికి రాసింది కిడ్నీ దాకా పోయింది! పైగా పాదరసం ఆవిరవుతుంది కాబట్టి, రాసుకోనివాళ్ళు కూడా అదే గదిలో దాన్ని పీలుస్తారు.

ఈ క్రీములు మన హాస్టల్ గదుల్లోనూ ఉన్నాయి. ఎవరినీ వేలెత్తి చూపడానికి చెప్పడం లేదు. ప్లస్ టూలో నేనూ రెండు నెలలు పేరు ఊరు లేని క్రీము రాసుకున్నాను. వారంలోనే తెల్లబడితే సంతోషపడ్డాను. అంత త్వరగా ఎలా పనిచేస్తోందని అనుమానపడాల్సింది అప్పుడే.

చట్టం లేక కాదు. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం, కంటికి వాడేవి తప్ప మిగతా వాటిలో అనుకోకుండా కలిసిన పాదరసం కూడా పది లక్షల భాగాల్లో ఒక భాగానికి మించకూడదు. రంగు కోసం సీసం కలిపిన సౌందర్య సాధనాలు తయారుచేయడమే నిషేధం. కానీ చట్టం పట్టుకోవాలంటే చేసినవాళ్ళెవరో తెలియాలి. పేరులేని డబ్బీ తప్పించుకునేది అక్కడే.

కొనేముందు ఇవి చూద్దాం:

1. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ. విదేశీ సరుకైతే దిగుమతి చేసినవాళ్ళ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు. ఇవి లేకపోతే కొనొద్దు.

2. కలిపిన పదార్థాల్లో మెర్క్యురీ, మెర్క్యూరిక్, కాలోమెల్ అనే మాటలుంటే అది పాదరసమే. "బంగారానికి, వెండికి తగలనివ్వకండి" అని రాసి ఉన్నా అనుమానించండి.

3. అలాంటి క్రీము వాడుతుంటే వెంటనే ఆపండి. కాళ్ళు, ముఖం ఉబ్బినా, మూత్రం నురగగా పోతున్నా డాక్టరు దగ్గరికి వెళ్ళి క్రీము సంగతి దాచకుండా చెప్పండి. డబ్బీ కూడా తీసుకెళ్ళండి.

4. ఫిర్యాదు చేయాలంటే డ్రగ్స్ కంట్రోల్ శాఖ ఉంది. వినియోగదారుల సహాయ నంబరు 1915.

చివరికి మా ఇంట్లో ఏమయిందంటే, ఇదంతా అవ్వకు చదివి వినిపించాను. మసి అయినా సరే, కంట్లో ఏదీ పెట్టొద్దని డాక్టరమ్మ కూడా చెప్పింది. అవ్వ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే దీపం వెలిగించి, పళ్ళెం బోర్లించి, కొంచెం మసి పట్టింది. బిడ్డ చెవి వెనక దిష్టిచుక్క పెట్టి, "కంట్లో కాకపోతే ఏమి, దిష్టి పోతే చాలు" అంది. అమ్మ తెచ్చిన డబ్బీ చెత్తలోకి పోయింది.