డెయిరీ ఫామ్‌లో సూపర్‌వైజర్‌గా చేరారా? మేత మార్చే ముందు ఇది చదవండి

ఫామ్‌లో చేరిన తొలి నెలలోనే ఓనర్ అడిగే ప్రశ్న ఒకటే: లీటర్లు ఎప్పుడు పెరుగుతాయి? మీ ఇంక్రిమెంట్ ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, వెంటనే తోచే దారి దాణా పెంచడం. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

గడ్డిలోని పీచును ఆవు తనంతట తాను అరిగించుకోలేదు. ఆ పని దాని పెద్దపొట్టలో ఉన్న సూక్ష్మజీవులది. అక్కడి ద్రవం ఒక్క మిల్లీలీటరులో వెయ్యి కోట్లకు పైగా బ్యాక్టీరియా ఉంటాయి. ప్రొటోజోవా, ఫంగస్ అదనం. మేతను పులియబెట్టి అవి తయారుచేసే ఆమ్లాలే పశువుకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం ఇస్తాయి. ఆ సూక్ష్మజీవులు కూడా చివరికి కిందికి జారి, అరిగి, పశువుకు మాంసకృత్తులవుతాయి. అంటే మీరు తొట్టిలో వేసే మేత ముందు చేరేది వాటికే. మేత మారితే దానికి తగ్గ జాతులు పెరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఓనర్‌కేమో రేపే ఫలితం కావాలి. ఈ రెండింటి మధ్య నెగ్గుకురావడమే మీ ఉద్యోగం.

ఒక కేసు తీసుకుందాం. నూకలు చౌకగా దొరికాయని లోడు దింపించారు, రేపటి నుంచే తలా మూడు కిలోలు వేయమన్నారు. వేస్తే ఏమవుతుంది? పిండిపదార్థం తినే బ్యాక్టీరియా గంటల్లోనే విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం కుమ్మరిస్తాయి. మామూలుగా 6 నుంచి 7 మధ్య ఉండే పీహెచ్ 5.5 కంటే దిగిపోతుంది. పీచును అరిగించే బ్యాక్టీరియా చచ్చిపోతాయి. పశువు మేత ముట్టదు, నెమరు ఆపేస్తుంది, పుల్లటి వాసనతో పల్చగా పేడ వేస్తుంది, ముదిరితే కూలబడి చనిపోతుంది. పెళ్లింట మిగిలిన అన్నం తిన్న గేదెలకు జరిగేదీ ఇదే. అలాంటప్పుడు దాణా వెంటనే ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి. కంగారులో నోట్లో బలవంతంగా ఏదీ పోయించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే రెండో ప్రమాదం.

కాబట్టి ఓనర్‌కు “కుదరదు” అని చెప్పకండి, తేదీలు వేసిన షెడ్యూల్ చూపించండి. నాలుగైదు రోజులకోసారి అర కిలో పెంచుతూ, రోజు దాణాను మూడు నాలుగు పూటలకు పంచండి. ముందు గడ్డి, తర్వాత దాణా. గడ్డి నమిలితేనే నెమరు, నెమరుంటేనే లాలాజలం, ఆమ్లాన్ని విరిచేది లాలాజలమే. మార్చిన తేదీ, పరిమాణం, ఎవరు చెప్పారన్నది రిజిస్టర్‌లో రాసి పెట్టండి. పశువు పడిపోయిన రోజు అడిగేది మిమ్మల్నే.

రోజూ ఎడమ డొక్క గుంటలో పిడికిలి నొక్కి పెట్టండి. నిమిషానికి ఒకటి రెండుసార్లు పొట్ట కదలిక చేతికి తెలియాలి. ఫ్యాట్ రీడింగ్ ఉన్నట్టుండి తగ్గితే ముందు గడ్డి తగ్గిందేమో చూడండి.

యూరియా విషయంలో మరీ జాగ్రత్త. సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మార్చి మాంసకృత్తులు కట్టుకుంటాయి, నిజమే. మోతాదు మించితే అదే అమ్మోనియా రక్తంలోకి చేరి గంటల్లో చంపుతుంది. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కరిగించి చల్లి, మూడు వారాలు గాలి చొరకుండా కప్పి ఉంచి, ఆరబెట్టాకే వేయండి. కుడితిలో ఎప్పుడూ కలపనివ్వకండి. ఆరు నెలల లోపు దూడలకు అసలే వద్దు, వాటి పెద్దపొట్ట ఇంకా సిద్ధం కాదు.

ప్రకాశం వైపు ఫామ్ అయితే సుబాబుల్ ఆకు చౌకగా దొరుకుతుంది. మంచి మేతే, కానీ అందులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంది. ఆస్ట్రేలియాలో పశువులు దీనితో జబ్బుపడుతుంటే, హవాయి మేకలు అదే ఆకు తిని ఎలా బాగున్నాయో రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త ఆరా తీశారు. దాని విషాన్ని విరిచే బ్యాక్టీరియా ఆ మేకల పొట్టలో ఉందని 1980లలో తేలింది. దానికి ఆయన పేరే పెట్టారు. మీ పశువుల్లో అది ఉందన్న నమ్మకం లేదు కాబట్టి మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి.

స్టోర్‌లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు పెద్ద పశువుకు నోటి ద్వారా ఇచ్చే అలవాటు మీ ఫామ్‌లో ఉంటే ఈ వారమే మాన్పించండి. అవి పొట్టలోని సూక్ష్మజీవులనూ చంపేస్తాయి. జబ్బు తగ్గినా మేతకు రాని పశువుకు, ఆరోగ్యంగా ఉన్న పశువు పెద్దపొట్ట ద్రవం ఎక్కించే పద్ధతి ఉంది. దాని గురించి డాక్టర్‌ను మీరే అడగండి.