ఫోనులో మేక: ధర తలకా, తూకానికా?

ఖమ్మం మిరప యార్డులో జెండా పాట ఎరుగని వర్తకుడుండడు. ఉదయం పలికిన ఆ ధర ఆనాటి సరుకులో మేలైన ఒక లాటుకు దక్కిన ధరే గాని, యార్డులోని బస్తాలన్నింటికీ వచ్చే ధర కాదు. ఆ సంగతి రైతుకూ తెలుసు, అడితీదారుకూ తెలుసు. ఫోనులో చూసి మేకలు కొనడానికి దిగిన మనవారు మాత్రం ఈ పాఠాన్ని యార్డు గేటు దగ్గరే వదిలి వస్తున్నారు. తెర మీద కనబడేది జెండా పాట మేక. బండి దిగేది మిగతా సరుకు.

మిరప కొనేవాడు బస్తా విప్పించి కాయను చేతిలోకి తీసుకుంటాడు, తేమ చూస్తాడు, తాలు ఎంతో అంచనా కడతాడు. ఫోటోలో మేకకు కనిపించేవి రంగు, కొమ్ములు, నిలబడ్డ తీరు. బక్రీదు బేరంలో తప్ప మాంసం వ్యాపారికి వీటితో పని లేదు. అతనికి కావలసినది తూకం, ఆ తూకంలో దిగే మాంసం. ఈ రెండూ ఫోటోలోకి రావు.

పోనీ, ఫోను అంగడిలో పెద్దమనిషి ఎవరైనా వున్నాడా అంటే అదీ లేదు. 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఈ-నామ్ యార్డు సరుకుల కోసం పెట్టినది. అదే ఏడు నవంబరులో కేంద్రం ప్రారంభించిన ఈ-పశుహాట్ ముఖ్యంగా ఆవులకు, గేదెలకు, వాటి వీర్యానికి ఉద్దేశించినది. 2019లో మొదలైన యానిమాల్ కూడా పాడి పశువుల బేరాలదే. మేకకు మిగిలినవి ఓఎల్ఎక్స్ వంటి ప్రకటనల చోట్లు, వాట్సాప్ గ్రూపులు. ఫేస్‌బుక్ వారి అమ్మకపు నిబంధనలు జంతువుల అమ్మకాన్ని ఒప్పుకోవు. అయినా అక్కడ ఫోటోలు పెట్టేవారు పెడుతూనే వున్నారు. కాటా లేదు, తగువు తీర్చేవాడు లేడు, హామీదారు లేడు. కనుక ఆ పనులన్నీ కొనేవాడే చేసుకోవాలి.

ఒక లెక్క చూద్దాం. ఊహకు వేసుకున్న అంకెలే, నేటి ధరలు కావు. ముప్పై కిలోల పోతు అని ప్రకటన. ప్రాణంతో కిలో నాలుగు వందలు. వెల పన్నెండు వేలు. జీవం మీ దొడ్డికి వచ్చాక త్రాసు మీద ఇరవై ఏడు తూగింది. అమ్మినవాడు, “దారిలో తగ్గిందండీ, సహజమే” అంటాడు. కొన్నవాడు మూడు కిలోల మాంసం పోయిందని బాధపడతాడు. ఇద్దరి మాటా సరికాదు. పూటంతా మేసి, నీళ్లు తాగి వున్న మేకను తూచారు. కొన్ని గంటల ప్రయాణంలో తగ్గినది ముఖ్యంగా పేడ, మూత్రం. మాంసం దారిలో కరగలేదు. ఆ మూడు కిలోల్లో మొదటే లేదు.

ఖాళీ కడుపు తూకంలో నూటికి నలభై ఐదు పాళ్లు మాంసం దిగుతుందనుకుంటే ఇరవై ఏడు కిలోలకు పన్నెండు కిలోల పైచిల్లర వస్తుంది. మాంసం కిలో మీకు తొమ్మిది వందల ఎనభై ఎనిమిది రూపాయలకు పడినట్లు. ముప్పై కిలోలనే నమ్మి వేసిన లెక్కలో అదే ఎనిమిది వందల ఎనభై తొమ్మిది. కిలోకు వంద తేడా. బండి కిరాయి, దలాలీ ఇంకా కలపనేలేదు. జంతువుల రవాణాకు 1978లో వచ్చిన నిబంధనలు నాలుగున్నర, ఐదు టన్నుల లారీలో నలభైకి మించి మేకలను ఎక్కించరాదంటవి. తలకు మూడు కిలోల చొప్పున నలభై తలలకు నలభై ఎనిమిది వేలు. చిన్న వర్తకునికి అది ఒక సీజను లాభం.

కాబట్టి అడగవలసినది “ఎంత తూగుతుంది?” అని కాదు, “ఎప్పుడు తూచారు?” అని. ఉదయం మేతకు విడవక ముందు తూచిన తూకమే తూకం. ఉప్పు పెట్టి నీళ్లు తాగించే విద్య పాతదే. ఫోను వచ్చాక అది పోలేదు. త్రాసు అంకె, మేక, రెండూ కనబడేలా వీడియో అడగాలి. పనిలో పనిగా నోరు తెరిచి పళ్లు చూపించమనాలి. ఏడాది లోపు అన్నీ పాలపళ్లే. ఏడాది దాటాక రెండు పెద్ద పళ్లు, రెండేళ్ల దరిదాపుల్లో నాలుగు. బక్రీదుకు కొనేవారికి ఏడాది నిండడం ముఖ్యం గనుక ఈ ఒక్క చూపుతో సగం తగువులు తీరతవి.

జాతర ధర సంగతి వేరు. మేడారం జాతర రెండేళ్లకొకసారి మాఘంలో వస్తుంది. అప్పుడు బేరమంతా తల లెక్కనే; త్రాసు ఎవరూ అడగరు. ఆ రోజుల ప్రకటనలో చూసిన ధరను ఆ తరువాతి నెలకు కొలతగా పట్టుకుంటే చేయి కాలుతుంది.

ఇక మన సరిహద్దు చిక్కు. ప్రకటనలో ఊరు భద్రాచలం అని వుంటుంది, జీవాలు ఛత్తీస్‌గఢ్‌లోని కుంటలో వుంటవి. 2014లో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పటి నుండి కుంటలో ఎక్కిన మేక చింతూరు, ఎటపాక దాటి భద్రాచలం చేరేసరికి రెండు రాష్ట్రాల హద్దులు దాటుతుంది. జీవాలు ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో వున్నవనీ, అంటురోగం లేదనీ పశువైద్యుని సర్టిఫికెట్ బండితో పాటు వుండాలని ఆ 1978 నిబంధనలే చెబుతున్నవి. దాని ఖర్చు ఎవరిది, తెచ్చే బాధ్యత ఎవరిది అన్నది బయానాకు ముందే తేల్చుకోవాలి. పీపీఆర్ అనే పారుడు రోగం సోకిన జీవం సాధారణంగా నాలుగు నుండి ఆరు రోజులు ఏ లక్షణమూ చూపదు. వీడియోలో చలాకీగా గెంతిన మేకే మందను ముంచవచ్చు. పెంపకానికి కొన్నవారు మూడు వారాలు వేరే కట్టి వుంచడం, టీకా ఎప్పుడు వేశారో అడగడం తప్పదు.

అమ్మేవాని వైపు నుండీ చూడాలి. అడవి అంచు గూడేల్లో కోయ రైతు కంటి అంచనాతో అమ్ముతాడు. సంతలో బేరగానిదీ కంటి అంచనాయే. కాని అది రోజూ పనిచేసే కన్ను. ఫోను వల్ల ఆ రైతుకు కొత్తగూడెం ధర చెవిన పడుతున్నది, అది మంచిదే. అయితే కిలో ధర తెలిసి కిలోలు తెలియకపోతే ఏమి లాభం? ముద్ర వేసిన త్రాసును గూడేనికి తీసుకుపోయి ఎదుటనే తూచే వర్తకునికి మరుసటి వారం సరుకు కొదవ వుండదని మా అభిప్రాయం.

డబ్బు విషయంలో ఒక్కటే మాట. సైన్యంలో అధికారినని చెప్పి, ధర తగ్గించమని కూడా అడగకుండా కొంటానని, క్యూఆర్ కోడు పంపేవాడు మేకలు కొనడు. సొమ్ము రావడానికి పిన్ను కొట్టనక్కరలేదు. కొట్టమన్నారంటే సొమ్ము పోవడానికే. పోయినట్లు తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయాలి.

బయానా తక్కువగా ఇచ్చి, మిగతాది త్రాసు దగ్గర కిలో చొప్పున చెల్లిస్తామని, తూకం వేళతో సహా ముందే రాసి పంపి, అవతలివాని చేత “సరే” అనిపించుకోవాలి. వాట్సాప్ సందేశం కూడా రాతే. లెక్క తీరేదాకా దానిని చెరపవద్దు.